బస్తీ దవాఖాన సాయంత్రం 4కే బంద్ అయితుంది – టైము పొడిగించుమని అడుగుదామా?

ఆర్పీ_అక్క_బోరబండ | రాత్రి 9:12
నమస్తే అందరికీ. నేను హైదరాబాద్ల బోరబండ దిక్కు మహిళా సంఘాలకు ఆర్పీగా (రిసోర్స్ పర్సన్, సంఘాల పనులు చూసేది) చేస్తున్న. మా బస్తీ దవాఖాన (గవర్నమెంటు చిన్న క్లినిక్) కమ్యూనిటీ హాల్లనే ఉంది, నడిచి పోయేంత దూరం. డాక్టరమ్మ మంచిది. మందులకు పైసలు లేవు, రక్తపరీక్షలకూ లేవు. అయినా మా సంఘాలల్ల చానామంది ఆడోళ్లు ఇప్పటిదాక దాని గడప తొక్కలేదు. పొద్దున 9కి తెరుస్తరు, సాయంత్రం 4కి తాళం. వీళ్లు 8 కాకముందే పనికి పోతరు, వచ్చేసరికి 7 దాటుతది. ఒక పూట మానితే ఆ పూట కూలి పోయినట్టే.

రాత్రి 10 దాక లైటు వెలిగేది ఆర్‌ఎంపీ దగ్గరనే. జ్వరమంటే సూది, నీరసమంటే గ్లూకోజు బాటిల్. నీరసం ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ చూడరు.

రాత్రి 8 దాక తెరిచి ఉంచుమని సంఘం తరఫున దరఖాస్తు పెడదామనుకుంటున్నం. ఎవరికి రాయాలె? ఏమని రాయాలె? వేరే ఊళ్లల్ల ఇట్ల చేసిండ్రా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

ఓపీ_చీటీ | రాత్రి 9:31
9 నుంచి 4 అని బోర్డు మీద ఉంది. ముందు ఆ టైములో కుర్చీలో మనిషి ఉండేట్టు చూస్తే చాలు. ఉన్న టైమే సరిగా నడవని చోట ఇంకో నాలుగు గంటలు కలిపితే, బోర్డు మీద అంకె మారుతుందంతే.

ఎర్రగడ్డ_వాసి | రాత్రి 9:40
2022లో ఆదివారం తెరిచి శనివారం సెలవు పెట్టారు కదా, పనివాళ్ల కోసమనే. ఆదివారం వెళ్లొచ్చుగా?

కుట్టుమిషన్ | రాత్రి 9:58
@ఎర్రగడ్డ_వాసి అన్నా, ఆదివారం ఎవరికి సెలవు? మా అమ్మ మూడిళ్లల్ల పనిచేస్తది. ఆదివారమొస్తే సారు, మేడం, పిల్లలు అందరు ఇంట్లనే ఉంటరు. చుట్టాలొస్తరు, బిర్యానీ వండుకుంటరు, అంట్లు డబులైతయి. ఆ రోజు మానితే తెల్లారి ఫోన్ల మొహం మీదనే అంటరు. నాకైతే ఆదివారం సెలవే. ఆ ఒక్క రోజు బట్టలు, నీళ్లు, సామాన్లు అన్ని మీద పడ్తయి. ఒంట్ల బాగలేదన్న సంగతి సోమవారం మిషన్ మీద కూసున్నంక గుర్తొస్తది.

మందులషాపు_తమ్ముడు | రాత్రి 10:05
నా షాపు బస్తీ దవాఖానకు నాలుగడుగుల దూరంలో ఉంది. రాత్రి 7:30 నుంచి 9:30 మధ్య ఎక్కువ వచ్చేది ఆడవాళ్లే. "అన్నా, కళ్లు తిరుగుతున్నయ్, ఏదన్న గోలీ ఇయ్యి." "తెల్లబట్ట అయితుంది, మా వదినకిచ్చిన గోలీ ఇయ్యి." చీటీ ఉండదు. నేను ఇవ్వకపోతే పక్క షాపువాడిస్తాడు. ఆ రెండు గంటలు డాక్టరుంటే నా గిరాకీ తగ్గుతుంది, తెలుసు. అయినా ఉండాలి.

డ్యూటీ_డాక్టర్ | రాత్రి 10:47
కొంతకాలం బస్తీ దవాఖానలో మెడికల్ ఆఫీసరుగా చేశాను కాబట్టి లోపలి లెక్క చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

2018లో వీటిని మొదలుపెట్టినప్పటి నుంచీ ఒక్కోదానికి ఉండేది ఒక డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకురాలు. హాలు జీహెచ్‌ఎంసీది, మనుషులు, మందులు ఆరోగ్యశాఖవి. 9 నుంచి 4 అంటే ఏడు గంటలు. రాత్రి 8 దాకా అంటే పదకొండు. ఆ ముగ్గురితోనే పదకొండు గంటలు నడపమంటే రెండో నెలకు డాక్టరు రాజీనామా ఇస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకోచోట దొరుకుతుంది. "పొడిగించండి" అని మాత్రమే రాస్తే పైవాళ్లకు కాదనడం సులువు. "స్టాఫ్ లేరు" అన్న రెండు ముక్కలతో దరఖాస్తు మూసేస్తారు.

ఇంకో సంగతి బయటివాళ్లకు కనపడదు. బస్తీ దవాఖానలో ల్యాబు ఉండదు. అక్కడ రక్తం తీస్తారంతే. ట్యూబులు వ్యాన్‌లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి వెళతాయి. మొదటిది 2018లో నారాయణగూడ ఐపీఎంలో (ప్రభుత్వ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ) పెట్టారు. రిపోర్టు ఫోనుకొస్తుంది. మంచి ఏర్పాటు. కానీ వ్యాన్ వచ్చేది దాని టైముకే. అది వెళ్లిపోయాక సాయంత్రం 7కి రక్తం తీస్తే ఆ ట్యూబును ఏం చేయాలి? రక్తం తీయని సాయంత్రం ఓపీ దగ్గు మందు ఓపీయే. ఆర్పీ గారు చెప్పిన నీరసం మళ్లీ నీరసంగానే ఉండిపోతుంది.

ఆ నీరసం చిన్న విషయం కూడా కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) లెక్కన తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. ఆంధ్రలో 58.8. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు తెలంగాణలో 30–49 ఏళ్లవాళ్లలో 3.3 శాతమే.

కాబట్టి టైము పెంచమని కాదు, మార్చమని అడగండి. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8. అదే స్టాఫు. కొత్త ఆలోచనేం కాదిది. 2013 నాటి జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ పత్రంలోనే అర్బన్ పీహెచ్‌సీల ఓపీకి ఈ వేళలు రాసి ఉన్నాయి. కూలిపని చేసే బస్తీల కోసమని.

ఓపీ_చీటీ | రాత్రి 10:55
2013లో రాసింది ఇన్నేళ్లకు అమలైతే అప్పుడు మాట్లాడదాం డాక్టర్‌గారూ.

చెన్నపట్నం_తెలుగు | రాత్రి 11:10
మా దగ్గర అమలవుతోందండి. తమిళనాడులో 2023 జూన్‌లో ఒకేసారి 500 పట్టణ ఆరోగ్య కేంద్రాలు తెరిచారు. ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. మధ్యాహ్నం మూసేస్తారు. మొత్తం ఎనిమిది గంటలే, స్టాఫు పెరగక్కర్లేదు. మా వీధిలో పువ్వులు కట్టే ఆవిడ బీపీ మాత్రలకు సాయంత్రమే వెళుతుంది.

వర్లీ_తెలుగమ్మాయి | రాత్రి 11:22
ముంబైలో ఆప్లా దవాఖానాలు 2022లో వచ్చాయి. పొద్దున 7 నుంచి 2, మళ్లీ 3 నుంచి రాత్రి 10. రెండు షిఫ్టులు. రాత్రి 9కి కూడా మనిషి ఉంటుంది. ఇక్కడ మన పద్మశాలీల ఇళ్లల్లో ఆడవాళ్లు పని దిగి నేరుగా అటే వెళ్తారు. కాకపోతే ఎక్కువచోట్ల ఉండేది మామూలు డాక్టరే. ఆడవాళ్ల జబ్బంటే పెద్దాసుపత్రికి రాసిస్తారు, అక్కడ మళ్లీ పొద్దున లైనే.

పాలక్కాడ్_రైల్వే_కాలనీ | రాత్రి 11:48
కేరళ సంగతి కూడా వినండి, దాంట్లో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. 2017లో ఆర్ద్రం మిషన్ అని మొదలుపెట్టి పీహెచ్‌సీలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చారు. ఓపీ పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా. దానికోసం డాక్టర్ల, నర్సుల పోస్టులు అదనంగా మంజూరు చేశారు. అయినా 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వ డాక్టర్లు సమ్మె చేశారు. మా పాలక్కాడ్ జిల్లాలోనే కుమరంపుత్తూరులో సాయంత్రం ఓపీ గొడవలో ఒక డాక్టర్ని సస్పెండ్ చేశారు, దాంతో రాష్ట్రమంతా అంటుకుంది. చాలినంతమందిని ఇవ్వకుండా సాయంత్రం ఓపీ నడపమంటే ఎలా అన్నది వాళ్ల గోడు. రోగులకు నాలుగైదు రోజులు నరకం. తర్వాత సర్దుకుంది, ఇప్పుడు 5:30కి కూడా జనం ఉంటారు.

డాక్టరమ్మను ఒప్పించకుండా దరఖాస్తు పెట్టకండి అని నా మాట. ఆమెను పక్కన పెట్టుకుని వెళ్లండి.

మోడరేటర్ | ఉదయం 6:30
ఏ ప్రభుత్వం ఎక్కువ కట్టింది, ఎవరి హయాంలో మూతపడ్డాయి అన్న పద్నాలుగు పోస్టులను రాజకీయాల విభాగానికి మార్చాను. ఇక్కడ టైము గురించి మాత్రమే మాట్లాడండి.

ఆశ_బ్యాగు | ఉదయం 7:05
నేను మల్కాజిగిరి వైపు ఆశను. మీరందరు సాయంత్రం సాయంత్రం అంటున్నరు. సాయంత్రం ఏ ఆడమనిషి ఖాళీగా ఉంటది చెప్పుండ్రి. 7కి ఇంటికొస్తది. పిల్లలు ఆకలని కూసుంటరు. రోజు విడిచి రోజు నల్లా వస్తది, కొన్ని గల్లీలకు అది సాయంత్రమే. నీళ్లు పట్టుకోకపోతే రెండు రోజులు గోస. మొగాయన వచ్చేసరికి అన్నం కావాలె. దవాఖాన 8 దాక ఉన్నా, "రేపు పోతలే" అంటది. నా ఇంటింటి సర్వేల రోజు వినే మాట ఇది.

మా ఏరియాల ఎక్కువ మంది ఇండ్లల్ల పనిచేసేటోళ్లు. పొద్దున 6కి పోయి 12:30, 1కి వస్తరు. మళ్ల 4కి పోతరు. ఖాళీ ఉండేది 1 నుంచి 3. అప్పుడు దవాఖానల లంచ్ టైము! తలుపు తీసే ఉంటది, కానీ "మేడం తింటున్నరు, 2కి రా" అంటరు. 2కి వస్తే రిజిస్టర్ రాసుడు, ఫోన్ల ఎంట్రీలు. 3 అయితది. ఆమె పోయి కాసేపు ఒరుగుతది, మళ్ల పనికి. మా దగ్గర 8 దాక అక్కర్లేదు. 1 నుంచి 3 ఖాళీ లేకుండ చూస్తే చాలు.

జీహెచ్‌ఎంసీ ఊడ్చే అక్కలది ఇంకో లెక్క. తెల్లారకముందే డ్యూటీ ఎక్కుతరు, మధ్యాహ్నానికి దిగుతరు. వాళ్లకు ఇప్పుడున్న టైమే సరిపోతది, డ్రెస్సు మీద పోవడానికి సిగ్గుపడ్తరంతే.

గాజువాక_బాబాయ్ | ఉదయం 7:40
ఆశమ్మా, బాగా చెప్పావు తల్లీ. మా విశాఖలోనూ అంతే. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆడోళ్లు తెల్లారుజామున చేపల వేలం పాటకెళ్తారు, ఎండెక్కేసరికి గంప ఖాళీ చేసుకుని ఇంటికొస్తారు. కంపెనీల్లో కాంట్రాక్టు పనికెళ్లేవాళ్లు పొద్దు పోయాక వస్తారు. ఒకే వార్డు, రెండు లెక్కలు. వార్డు వార్డుకీ ఎవరేం పని చేస్తున్నారో చూసి టైము పెట్టాలిగానీ, సెక్రటేరియట్లో కూర్చుని రాష్ట్రమంతటికీ ఒకే జీవో ఇస్తే కుదరదు.

కుట్టుమిషన్ | ఉదయం 8:02
ఆశక్క చెప్పింది మా అమ్మకు నిజం. నాకు కాదు. నేను 9కి లోపలికి పోతే 6:30కి బయటికి. మధ్యాహ్నం గేటు దాటనియ్యరు. నాసోంటోళ్లకు సాయంత్రమే దిక్కు. వంట మా చెల్లె చేస్తది. ఇద్దరికీ ఒక్క టైము పెట్టుడు ఎట్ల?

ఆర్పీ_అక్క_బోరబండ | ఉదయం 8:30
మంచి మాట వచ్చింది. నేను అందరూ కూలికే పోతరన్నట్టు రాసిన, మా దాంట్లనూ రెండు రకాలున్నరు. ఆదివారం సంఘం మీటింగుల ఒక్కొక్కరిని అడుగుత: ఏ పని, ఎన్నింటికి పోతరు, ఎన్నింటికి వస్తరు, చివరిసారి డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోయిండ్రు, ఎక్కడికి.

ఎర్రగడ్డ_వాసి | ఉదయం 8:44
మంగళవారం ఆరోగ్య మహిళ క్లినిక్కులున్నాయి కదా? 2023 మార్చి 8న మొదలుపెట్టారు, ముందు వంద సెంటర్లలో. ఆడవాళ్లకు ప్రత్యేకంగా క్యాన్సర్ స్క్రీనింగుతో సహా. అవి ఏమయ్యాయి?

కుట్టుమిషన్ | ఉదయం 8:51
మంగళవారం పనిదినమే కదన్నా 🙂

స్టాఫ్‌నర్సు_నైట్‌షిఫ్ట్ | మధ్యాహ్నం 1:15
ఇప్పటిదాకా ఎవరూ నర్సు వైపు నుంచి మాట్లాడలేదు. నేను అర్బన్ పీహెచ్‌సీలో చేస్తున్నాను. 8 దాకా డ్యూటీ అంటే తాళం వేసి, మందుల స్టాక్ రాసి బయటికొచ్చేసరికి 8:30. హాలు గల్లీ చివర ఉంటుంది, పక్కనే కల్లు కాంపౌండో బెల్టు షాపో. తాగినవాళ్లు "సిస్టర్, కట్టు కట్టు" అని లోపలికొస్తారు. ఆటో దొరకదు. మేమూ ఆడవాళ్లమే, మా ఇంట్లోనూ వంట ఉంటుంది. దరఖాస్తులో ఒక వాచ్‌మన్, హాలు బయట లైటు, ఈ రెండూ తప్పకుండా రాయండి. పేపర్లో చిన్నగా కనిపిస్తాయి. అవి లేకపోతే రెండో వారం నుంచి మేమే 6:30కి తాళం వేస్తాం, దాచడమెందుకు.

క్యాన్సర్ స్క్రీనింగ్ గురించి: గర్భాశయ ముఖద్వార పరీక్ష (వీఐఏ) సాయంత్రం కూడా చేయొచ్చు. మంచి వెలుతురునిచ్చే ల్యాంపు, పలచటి వెనిగర్ లాంటి ద్రావణం, శిక్షణ ఉన్న నర్సు, మూసుకునే గది ఉండాలి. కమ్యూనిటీ హాల్లో ఉండేది పరదా. అవతల నలభై మంది కూర్చుని ఉంటారు, వాళ్లలో మేనమామ కొడుకూ ఉంటాడు. ఏ ఆడమనిషి పడుకుంటుంది? టైము ఎంత మార్చినా గది లేకపోతే ఆ 3.3 శాతం కదలదు.

డ్యూటీ_డాక్టర్ | మధ్యాహ్నం 2:03
సిస్టర్ చెప్పినదానితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. సాయంత్రం పరీక్షల గురించి ఒక మాట: పరగడుపు షుగర్ సాయంత్రం కుదరదు, నిజమే. కానీ హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు, మూడు నెలల షుగర్ లెక్క చెబుతుంది. హిమోగ్లోబిన్ ఎప్పుడైనా చూడొచ్చు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్) కూడా మామూలు స్క్రీనింగుకు ఏ వేళైనా తీయొచ్చు. ట్యూబులను రాత్రి ఫ్రిజ్‌లో ఎలా ఉంచాలి, ఏవి ఉంచకూడదు అన్నది కేంద్రం వాళ్లే చెప్పాలి. లేదా సాయంత్రం ఓపీ ఉన్న రోజుల్లో వ్యాన్ రెండోసారి రావాలి. వారానికి రెండు రోజులు అడిగితే వాళ్లు ఒప్పుకునే అవకాశం ఉంది, రోజూ అంటే కష్టం.

మందులషాపు_తమ్ముడు | మధ్యాహ్నం 2:20
బీపీ, షుగర్ మాత్రలకు డాక్టర్ని చూడాల్సిన పనేముంది ప్రతిసారీ? పుస్తకంలో రాసి ఉంటే నెల మాత్రలు ఒకేసారి ఇచ్చేయొచ్చు. ఇంట్లో ఎవరొచ్చినా ఇచ్చేయొచ్చు. సగం లైను అక్కడే తగ్గుతుంది. కొన్నిచోట్ల స్టాక్ లేదని పది రోజులకే ఇస్తున్నారు, పది రోజులకొకసారి కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు?

ఓపీ_చీటీ | సాయంత్రం 4:10
సరే. నేనూ ఒక పని చేస్తా. ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెడతా. పది రూపాయల ఫీజు. మీ దవాఖాన ఓపీ రిజిస్టర్లో గంట గంటకూ ఎంతమంది వచ్చారు, మగ ఎంత, ఆడ ఎంత, డాక్టర్ హాజరు ఎంత, మూడు నెలలకు. 3 తర్వాత ఎవరూ రావట్లేదని తేలితే "టైము మార్చడం వల్ల ఎవరికీ నష్టం లేదు" అని మీరే రాసుకోవచ్చు. హాజరు లెక్క బయటికొస్తే నా మాట నిజమని నేను రాసుకుంటా.

ఆశ_బ్యాగు | సాయంత్రం 4:35
అన్నా, ఆర్‌టీఐల రోగుల పేర్లు అడగకు. అంకెలే అడుగు. మా బస్తీల ఒక పేరు బయటికొస్తే ఇంక ఎవరూ రారు.

ఓపీ_చీటీ | సాయంత్రం 4:38
అంకెలే అడుగుతానమ్మా.

గాజువాక_బాబాయ్ | సాయంత్రం 5:20
పొద్దున టైము తీసేస్తే గర్భిణులు, ముసలాళ్లు ఏం కావాలి? 12 నుంచి 8 రోజూ పెడితే, పొద్దున జ్వరమొచ్చిన పిల్లాణ్ణి పట్టుకుని తల్లి మధ్యాహ్నం దాకా కూర్చోవాలా? డాక్టర్ గారు దీనికేమంటారు?

డ్యూటీ_డాక్టర్ | సాయంత్రం 6:02
అందుకే రోజూ వద్దంటున్నాను. పొద్దున వచ్చేవాళ్లు కూడా ఎక్కువ ఆడవాళ్లే, పిల్లలతో. వాళ్లను తీసి వీళ్లకు ఇవ్వడం న్యాయం కాదు. దగ్గర దగ్గరగా రెండు బస్తీ దవాఖానలుంటే ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం నడపొచ్చు. హైదరాబాద్‌లో చాలాచోట్ల అంత దగ్గరగానే ఉన్నాయి.

ఆర్పీ_అక్క_బోరబండ | ఆదివారం రాత్రి 9:50
మీటింగ్ అయింది. అందరిని అడిగిన. మూడు గుంపులు తేలినయి. ఇండ్లల్ల పనిచేసేటోళ్లు 1–3 అన్నరు. ప్యాకింగ్, కుట్టు, షాపుల పనికి పోయేటోళ్లు 7 తర్వాత అన్నరు. లేబర్ అడ్డ మీద నిలబడేటోళ్లు ఏ టైమూ చెప్పలేదు, పని దొరకని రోజే వాళ్లకు దవాఖాన రోజు. పదింటిదాక అడ్డ మీద చూసి, దొరకకపోతే వస్తరు. అందుకే పొద్దున బంద్ చేస్తే వాళ్లకు దెబ్బ. ఇది నేను అసలు అనుకోలేదు.

ఇంకో మాట చానామంది చెప్పిండ్రు. మగ డాక్టరుంటే లోపలి జబ్బు చెప్పలేమని. మాకు డాక్టరమ్మ ఉంది గాని పక్క బస్తీల లేదు.

డాక్టరమ్మతోటి మాట్లాడిన. వారానికి రెండు రోజులైతే సరే, కానీ ఆ రోజు పొద్దున రాను అన్నది. న్యాయమే. ఇగో ముసాయిదా:

"బుధ, శుక్రవారాల్లో మా దవాఖాన మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 8 వరకు నడపాలి. మిగతా రోజుల్లో భోజన సమయంలో డాక్టరు, నర్సు ఒకరి తర్వాత ఒకరు వెళ్లేటట్టు చూసి 1–3 మధ్య ఓపీ ఆగకుండా ఉంచాలి. ఆ రెండు సాయంత్రాలు రక్త నమూనాల కోసం వ్యాన్ రావాలి. బీపీ, షుగర్ మాత్రలు నెలకు సరిపడా ఇవ్వాలి. గడియ పెట్టుకునే ఒక గది, బయట లైటు, వాచ్‌మన్ కావాలి. నెలలో ఒక సాయంత్రం గైనిక్ డాక్టరు రావాలి. మూడు నెలలు నడిపి, గంటలవారీగా ఎంతమంది వచ్చారో లెక్క చూసి నిర్ణయించాలి."

ఏమన్న మార్చాల్నా?

స్టాఫ్‌నర్సు_నైట్‌షిఫ్ట్ | రాత్రి 10:11
డాక్టరు తింటున్నప్పుడు నేను బీపీ చూసి, రక్తం తీసి, పుస్తకం రాస్తాను. డాక్టరు వచ్చాక చూస్తుంది. "నర్సు ఓపీ చూడాలి" అన్నట్టు మాత్రం రాయకండి, రేపు అదే అలవాటు చేస్తారు.

డ్యూటీ_డాక్టర్ | రాత్రి 10:30
బుధవారం వద్దు. టీకాల రోజు, పొద్దున పిల్లలొస్తారు. మంగళ, శుక్రవారాలు పెట్టండి. గైనిక్ డాక్టరు దొరకడం కష్టం, దాన్ని చివర రాయండి. మొదట రాస్తే దాని పేరు చెప్పి మిగతావీ ఆపేస్తారు.

పాలక్కాడ్_రైల్వే_కాలనీ | రాత్రి 10:42
మూడు నెలల తర్వాత లెక్క అన్నారు. మొదటి నెల ఎవరూ రారు, ఇక్కడా అంతే అయింది. జనానికి తెలియడానికే టైము పడుతుంది. ఆరు నెలలు అడగండి. హాలు ముందు పెద్ద బోర్డు, సంఘాల్లో చాటింపు మీరే చేసుకోండి.

ఓపీ_చీటీ | రాత్రి 10:50
దరఖాస్తు రెండు కాపీలు. ఒకటి డీఎంహెచ్‌ఓకి (జిల్లా వైద్యాధికారి), ఇంకోటి సోమవారం ప్రజావాణిలో (జనం అర్జీలు తీసుకునే రోజు) జీహెచ్‌ఎంసీకి, హాలు, లైటు, గది వాళ్లవి కాబట్టి. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. సంతకాలు తెల్లకాగితం మీద విడిగా కాకుండా దరఖాస్తు కిందనే పెట్టించండి.

ఆర్పీ_అక్క_బోరబండ | రాత్రి 11:05
మంగళ, శుక్ర అని మార్చిన. ఆరు నెలలు పెట్టిన. గైనిక్ డాక్టరు ముచ్చట చివరికి జరిపిన. రేపు సంతకాలు, వచ్చే సోమవారం ప్రజావాణి. ఓపీ చీటీ అన్నా, ఆర్‌టీఐ జవాబొస్తే ఇక్కడ పెట్టు.

ఆశ_బ్యాగు | రాత్రి 11:09
అక్కా, ఇదే కాగితం మా దగ్గర కూడ పెడ్త, టైము ఒక్కటి మార్చి. మాది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, హైదరాబాద్ డీఎంహెచ్‌ఓకి ఇస్తే చెల్లదు కదా?

ఓపీ_చీటీ | రాత్రి 11:14
చెల్లదు. మీ జిల్లా డీఎంహెచ్‌ఓ వేరు, అక్కడే ఇవ్వాలి. సాయంత్రం లైను కొట్టేసి 1–3 ఒక్కటే ఉంచండి. స్టాఫు అక్కర్లేదు, వ్యాన్ అక్కర్లేదు, ముందు మీదే మంజూరవుతుందేమో.